ఆ భవనం ఎవరి పేరున ఉంటుంది?

2023 మే 31న హైదరాబాద్ శివారులోని గోపన్‌పల్లిలో విప్రహిత బ్రాహ్మణ సదన్‌ను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. స్థలం ప్రభుత్వం ఇచ్చింది. సుమారు 12 కోట్ల రూపాయల నిర్మాణ ఖర్చును తెలంగాణ బ్రాహ్మణ సంక్షేమ పరిషత్తు భరించింది, ఆ పరిషత్తుకు నిధులిచ్చేదీ ప్రభుత్వమే. దాదాపు అదే కాలంలో కోకాపేటలోనూ ఉప్పల్ భగాయత్‌లోనూ బీసీ కులాల ఆత్మగౌరవ భవనాలకు స్థలాలు కేటాయించారు. అక్కడ ప్రభుత్వం పెట్టిన ఒక షరతు గమనించదగినది. ఒకే కులం తరఫున నాలుగు సంఘాలు నాలుగు దరఖాస్తులు పెట్టుకోకుండా, అందరూ కలిసి ఒకే ట్రస్టుగా రావాలని కోరింది. డబ్బూ స్థలమూ ప్రభుత్వానివే అయినా, కట్టాక బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం ముందే వచ్చి నిలబడింది.

ప్రభుత్వం కట్టించి ఇచ్చే భవనాలు ఎప్పుడూ కొన్నే. గోపన్‌పల్లి చుట్టుపక్కల అవసరాలు చాలా ఉన్నాయి. తండా పిల్లలు సాయంత్రం కూర్చుని చదువుకోవడానికి గదులు కావాలి. నిర్మాణ కూలీల కుటుంబాలకు దగ్గరలో ఒక చిన్న వైద్యశాల కావాలి. ఇరుకు గదుల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు గ్రంథాలయం కావాలి. వీటిని కట్టాలని పూనుకునే మనుషులూ ఉన్నారు. వాళ్లకు తోచే మొదటి మాట దాదాపు ఒకటే: విప్రో సర్కిల్ పక్కనే ఉంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పక్కనే ఉంది, నల్లగండ్లలో, తెల్లాపూర్‌లో వేల ఫ్లాట్లున్నాయి, ఇక డబ్బుకేం కొదవ?

కొదవ లేదన్నది నిజమే. కానీ డబ్బు మన చుట్టూ ఉండటం వేరు, అది ఒక సంస్థ ఖాతాలోకి చట్టబద్ధంగా చేరగలగడం వేరు. పక్క ఫ్లాటువాళ్లు ఇచ్చే చందా, కంపెనీ ఇచ్చే సామాజిక బాధ్యత నిధి, అమెరికాలో ఉన్న మేనమామ పంపే డాలర్లు ఒకే లక్ష్యానికి వచ్చినా మూడు వేర్వేరు చట్టాల కింద వస్తాయి. ఆ చట్టాల భాష వేరైనా, మూడూ తిరిగి తిరిగి అడిగేది ఒకటే. ఈ భవనం ఎవరిది? రేపు దాన్ని ఎవరు నడుపుతారు? ఈ రెంటికీ కాగితం మీద జవాబు రాసుకున్నాకే రసీదు పుస్తకం అచ్చు వేయించాలి. ఈ వరస తప్పినచోట మంచివాళ్లు తలపెట్టిన మంచి పనులు పిల్లర్ల దగ్గర ఆగిపోతాయి.

భవనం కన్నా ముందుగా సంస్థ పుట్టాలి. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లోనే మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండగా నిలిచారు. సుల్తాన్ బజారులో సొంత భవనం సమకూరింది ఆ తరవాతే. అప్పటికి పాఠకులున్నారు, పుస్తకాలున్నాయి, సభ్యులున్నారు. దాత ముందున్నది ఊహాచిత్రం కాదు, నడుస్తున్న పని. ఇవాళ గోపన్‌పల్లిలో గ్రంథాలయం కట్టాలనుకునేవాళ్లు ముందుగా ఒక అద్దె గదిలో ఏడాదిపాటు దాన్ని నడిపి చూడటం మంచిది. రోజుకు ఎందరు వస్తున్నారో చూపే హాజరు పుస్తకం, ఆర్కిటెక్టు గీసిన రంగుల బొమ్మ కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

సంస్థకు చట్టరూపం మూడు విధాలుగా ఇవ్వవచ్చు. మొదటిది సొసైటీ. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి నమోదు చేసుకోవచ్చు. రెండోది ట్రస్టు. కొద్దిమంది ధర్మకర్తలు ఒక పత్రం రాసుకుని రిజిస్టర్ చేయిస్తారు. మూడోది కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద ఏర్పడే లాభాపేక్ష లేని కంపెనీ. సొసైటీలో ఎన్నికలుంటాయి కాబట్టి నాయకత్వం మారే అవకాశం ఎక్కువ. ట్రస్టులో స్థిరత్వం ఎక్కువ, సభ్యులకు జవాబు చెప్పాల్సిన ఒత్తిడి తక్కువ. ఏది ఎంచుకున్నా, సంస్థ రద్దయితే ఆస్తి వ్యక్తులకు పోకుండా అదే ఆశయమున్న మరో సంస్థకు చేరుతుందని పత్రంలో స్పష్టంగా రాయాలి. పెద్ద దాత తరఫు వకీలు ముందుగా వెదికేది ఆ వాక్యాన్నే.

ఇక్కడే గేటెడ్ కమ్యూనిటీలకు ఒక హెచ్చరిక అవసరం. ఫ్లాట్ల యజమానుల సంఘం సభ్యుల సౌకర్యం కోసం ఏర్పడినది. అది క్లబ్‌హౌస్ కట్టుకోవచ్చు, ఖర్చు సభ్యుల దగ్గరే వసూలు చేసుకోవచ్చు. అది దానధర్మం కిందకు రాదు. గేటు బయటి పిల్లలకు బడి గదులు కట్టాలంటే ఆ సంఘం పక్కన వేరే ట్రస్టో సొసైటీయో పెట్టుకుని, ఖాతాలు పూర్తిగా వేరు చేయాలి.

స్థలం సంగతి సూటిగా చెప్పుకోవాలి. లేఅవుట్‌లో ఖాళీగా కనిపించే స్థలం సాధారణంగా కాలనీది కాదు, పార్కు కోసం స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా అప్పగించినది. అక్కడ ఎంత మంచి భవనం కట్టినా అది ఆక్రమణే అవుతుంది. ఇక ఎవరైనా పెద్దమనిషి నోటిమాటగా స్థలం ఇస్తానంటే, ఆ మాటను గౌరవిస్తూనే, సంస్థ పేరిట రిజిస్టర్డ్ దానపత్రం వచ్చేదాకా ఒక్క ఇటుక కూడా పేర్చకూడదు. ఇచ్చినవారి కాలం గడిచాక వారసులు వస్తారు. వారికి ఆ మాట తెలిసి ఉండనవసరం లేదు.

ఇప్పుడు మొదటి రకం దాతల దగ్గరకు వద్దాం. ఇరుగుపొరుగువారు ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందని అందరూ అనుకుంటారు. దీన్ని లోకమంతా 80జీ అంటుంది. 1961 నాటి చట్టంలో అది సెక్షన్ సంఖ్య. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమలు కావడంతో సంఖ్యలు మారాయి, జనం నోట పాత పేరే నిలిచింది. ఆమోదం పొందిన సంస్థకు ఇచ్చిన విరాళంలో సాధారణంగా సగాన్ని ఆదాయం నుంచి తీసివేసుకోవచ్చు, దానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి లక్ష రూపాయలిస్తే 50 వేలు తగ్గుతాయి. దాని మీద సెస్సుతో కలిపి 15,600 రూపాయల పన్ను మిగులుతుంది.

అయితే ఈ లెక్క పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. 2023-24 నుంచి కొత్త విధానమే అందరికీ సహజంగా వర్తించే ఏర్పాటైంది, అందులో ఈ మినహాయింపు లేదు. ఐటీ ఉద్యోగుల్లో చాలామంది ఇప్పుడు కొత్త విధానంలోకి వచ్చారు. వాళ్ల దగ్గరకు వెళ్లి పన్ను ఆదా గురించి మొదలుపెడితే మాట అక్కడే తేలిపోతుంది. పిల్లల సంగతి చెప్పాలి, గది సంగతి చెప్పాలి, పన్ను సంగతి అడిగితేనే చెప్పాలి. మనిషి ఇచ్చేది సాటి మనిషి కోసం. పన్ను మినహాయింపు ఆ ఇచ్చే మొత్తాన్ని కాస్త పెంచగలదేమో కానీ ఇవ్వాలన్న మనసును పుట్టించలేదు.

భవనాల విషయంలో మరో మెలిక ఉంది. ఈ మినహాయింపు డబ్బుకే, వస్తువులకు కాదు. ఊళ్లో మనవాళ్లు ఎంతో ప్రేమగా 200 బస్తాల సిమెంటు, రెండు లారీల కంకర, ఇనుప చువ్వలు ఇస్తారు. వాటిని ఆనందంగా తీసుకోవాలి, స్టాకు పుస్తకంలో రాయాలి, కృతజ్ఞతా పత్రం ఇవ్వాలి. పన్ను రసీదు మాత్రం ఇవ్వకూడదు. నగదు 2,000 రూపాయలు దాటినా మినహాయింపు పోతుంది. పేరు, చిరునామా నమోదు చేయని విరాళాలు ఒక హద్దు దాటితే సేవాసంస్థే వాటి మీద 30 శాతం పన్ను కట్టాలి. కాబట్టి పది రూపాయలిచ్చినవారి పేరు కూడా రాసుకోవడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా.

ఇక కుల, మత సంఘాల భవనాలు. ఒక కులానికో మతవర్గానికో మాత్రమే మేలు చేసే సంస్థకు ఇచ్చిన విరాళానికి ఈ మినహాయింపు రాదు. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం ఏర్పడిన సంస్థలకు ఈ అడ్డంకి లేదు. ఈ నియమంలో నాకు న్యాయం కనిపిస్తుంది. పన్నులో వదులుకునే డబ్బు అందరిదీ, కనుక దానితో కట్టే గది తలుపు అందరికీ తెరిచి ఉండాలి. ఒక సంఘం తన హాస్టల్‌లో ఇతర కులాల పేద విద్యార్థులకూ చోటిస్తామని పత్రంలో రాసి, నిజంగా ఇస్తే, దాతల పరిధి పెరుగుతుంది, హాస్టల్ గౌరవమూ పెరుగుతుంది.

రెండో రకం దాత కంపెనీ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సమాజం కోసం ఖర్చు చేయాలి. దీన్నే సీఎస్ఆర్ అంటున్నాం. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. గోపన్‌పల్లికి ఇంతకన్నా అనుకూలమైన వాక్యం మరొకటి ఉండదు.

కానీ ఆ డబ్బు అందుకోవడానికి చేయి ఎలా ఉండాలో కూడా అదే చట్టం చెప్పింది. 2021 నుంచి సంస్థ కేంద్ర ప్రభుత్వం దగ్గర సీఎస్ఆర్ నమోదు సంఖ్య తీసుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ ఆమోదాలుండాలి. అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. పోయిన నెలలో పుట్టిన ట్రస్టు ఎంత పెద్ద కంపెనీ గేటు ముందు నిలబడినా లాభం లేదు. అప్పటికే అర్హత ఉన్న మరో సంస్థతో కలిసి నడవాలి, లేదా మూడేళ్లు అద్దె గదిలో పనిచేసి అర్హత సంపాదించుకోవాలి. కంపెనీ తన ఉద్యోగులకే పనికొచ్చే సౌకర్యాన్ని సీఎస్ఆర్ కింద చూపలేదు కాబట్టి, మా కాలనీలో మీ ఉద్యోగులు 200 మంది ఉన్నారని చెప్పుకోవడం అర్జీకి బలం చేకూర్చదు.

భవనాలకు సంబంధించిన అసలు నియమం మరొకటి. సీఎస్ఆర్ డబ్బుతో ఏర్పడే స్థిరాస్తి కంపెనీ పేరున ఉండకూడదు. అది నమోదైన ధార్మిక సంస్థ చేతిలో ఉండాలి, లేదా స్వయం సహాయక సంఘాల వంటి లబ్ధిదారుల సమూహం చేతిలో ఉండాలి, లేదా ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండాలి. ఎవరో దాత సొంత స్థలంలో, ఆయన పేరు మీదే పట్టా ఉంచుకుని కట్టే గదికి ఈ డబ్బు రాదు. ప్రభుత్వ పాఠశాల ఆవరణలో అదనపు గదులు కట్టడానికి కంపెనీలు సుముఖంగా ఉండటానికి ఇదొక కారణం. ఆస్తి ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.

మూడో రకం దాత సముద్రానికి అవతల ఉన్నవాడు. ఉత్తర అమెరికాలో తెలుగువాళ్ల సంఘం తానా 1977 నుంచి ఉంది, తరవాత ఇంకా ఎన్నో సంఘాలు వచ్చాయి. సొంత ఊరికి ఏదో చేయాలన్న తపన తెలుగువాళ్లలో బలమైనది, దాని ఫలాలు జిల్లాజిల్లాలో కనిపిస్తాయి. అయితే ఆ డబ్బును విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చూసే తీరు వేరు. అది డాలరును చూడదు, పాస్‌పోర్టును చూస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న మరునాటి నుంచి, చేతిలో భారత ప్రభుత్వమిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ దాతే. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో కూర్చుని చెరి లక్ష పంపినా, ఒకరిది తీసుకోవచ్చు, ఇంకొకరిది ఆ చట్టం కింద నమోదో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు.

ఆ నమోదుకు కనీసం మూడేళ్ల మనుగడ, గత మూడేళ్లలో 15 లక్షల రూపాయల సేవా ఖర్చు చూపాలి. 2020 సవరణ తరవాత విదేశీ విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అలా అందుకున్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పూర్వం నగరంలోని ఒక పెద్ద సంస్థ డాలర్లు తీసుకుని ఊళ్లోని చిన్న సంఘానికి అందించగలిగేది. ఇప్పుడు ఆ పెద్ద సంస్థే స్వయంగా కట్టాలి, స్వయంగా లెక్క చెప్పాలి. ఎవరి బావమరిది ఖాతాలోకో డబ్బు రప్పించి దాన్ని చందాగా మార్చడం మంచి ఉద్దేశంతో చేసినా నేరమే. అందులో ఇరుక్కునేది పంపినవాడు కాదు, ఇక్కడ సంతకం పెట్టిన కోశాధికారి.

దాతల తలుపులు మూడూ తెలిశాక, ఎవరిని ఎంత అడగాలన్న ప్రశ్న వస్తుంది. ఎక్కువ ప్రయత్నాలు చెడిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఊహకు ఒక గ్రంథాలయ భవనం అనుకుందాం, ఖర్చు 2 కోట్లు. కమిటీలో ఎవరో ఒకరు కాలిక్యులేటర్ తీసి, చుట్టూ 1,000 ఫ్లాట్లున్నాయి కదా, ఇంటికి 20 వేలు వేసుకుంటే సరిపోతుంది అంటారు. లెక్క తప్పు కాదు. మనుషుల తీరే అలా ఉండదు. 20 లక్షలు ఇవ్వగలిగిన మనిషి, అడిగింది 20 వేలే కాబట్టి అంతే ఇచ్చి తన వంతు అయిపోయిందనుకుంటాడు. 2 వేలే ఇవ్వగలిగిన మనిషి సిగ్గుపడి తలుపు తీయడు. సమానంగా పంచడం న్యాయంలా కనిపిస్తుంది కానీ పై అంచునూ కింది అంచునూ రెంటినీ పోగొడుతుంది.

అనుభవమున్న సలహాదారులు మరోలా లెక్క వేస్తారు. ఒకరి నుంచి 40 లక్షలు. ఇద్దరి నుంచి 20 లక్షల చొప్పున మరో 40. నలుగురి నుంచి 10 లక్షల చొప్పున ఇంకో 40. ఎనిమిది మంది నుంచి 5 లక్షల చొప్పున 40. ఇక్కడికి 15 మంది దాతలతో కోటీ 60 లక్షలు. మిగిలిన 40 లక్షల్లో 20 మంది లక్ష చొప్పున, 80 మంది 25 వేల చొప్పున ఇస్తే 2 కోట్లు పూర్తవుతాయి. మొత్తం దాతలు 115 మంది, అందులో 15 మందే ఐదింట నాలుగు వంతులు మోస్తారు. ఒక్కొక్క పెద్ద విరాళానికి ముగ్గురు నలుగురిని కలవాల్సి వస్తుందని వేసుకుంటే, పైమెట్లకే 50, 60 పేర్లు కావాలి. ఆ పేర్లు రాయలేకపోతున్నామంటే, 2 కోట్ల భవనానికి ఇంకా సమయం రాలేదని అర్థం.

వరస కూడా ముఖ్యమే. పైన ఉన్నవారిని ముందు, ఇళ్లకు వెళ్లి, విడివిడిగా అడగాలి. సగానికి పైగా హామీలు వచ్చాకే బహిరంగంగా ప్రకటించాలి. అప్పుడు 25 వేలు ఇచ్చే మనిషికి తన డబ్బు పునాదుల్లో పూడుకుపోదన్న ధైర్యం ఉంటుంది. ఈ వరస ఎంత పాతదంటే, 18వ శతాబ్దంలో ఫిలడెల్ఫియాలో ఒక ప్రార్థనా మందిరం కట్టదలచిన మతబోధకుడికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన సలహా ఇదే దారిలో సాగుతుంది. ఇస్తారని తెలిసినవారిని ముందు అడగమన్నాడు, సందేహమున్నవారికి ఆ జాబితా చూపించమన్నాడు, అసలు ఇవ్వరనుకున్నవారిని కూడా వదలవద్దన్నాడు, కొందరి విషయంలో మన అంచనా తప్పవచ్చు కనుక. 1751లో పెన్సిల్వేనియా ఆసుపత్రి కోసం ఆయన మరో ఉపాయం పన్నాడు. ప్రజలు 2,000 పౌండ్లు పోగుచేస్తే శాసనసభ మరో 2,000 ఇచ్చేలా ఒప్పించాడు. ఇవాళ కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంతకు తామూ కలుపుతున్న పద్ధతీ అలాంటిదే.

మన నగరంలో ఇలా పెద్ద విరాళంతో మొదలుపెట్టడానికి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగివచ్చి కంటి వైద్య సంస్థ పెట్టాలనుకున్నప్పుడు, చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలమూ కోటి రూపాయలూ ఇచ్చింది. 1987లో సంస్థ మొదలైంది. మొదటి విరాళం అంత పెద్దది కావడం మిగతా దాతలకు ఒక ప్రమాణం చూపింది. అంతకన్నా విలువైన సంగతి నడిపే పద్ధతిలో ఉంది. స్తోమత ఉన్న రోగులు చెల్లించే రుసుము రోజువారీ ఖర్చును మోస్తూ, లేనివారికి ఉచితంగా చూపునిస్తుంది. దాత ఇచ్చిన డబ్బు కరెంటు బిల్లుకు కరిగిపోదు. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి మరో పాఠం చెబుతుంది. భార్య జ్ఞాపకార్థం ఎన్టీఆర్ తలపెట్టిన ఆ సంస్థ 1988లో ఏర్పడింది, ఆసుపత్రి తలుపులు తెరిచింది 2000 జూన్ 22న. ముఖ్యమంత్రిగా పనిచేసినవారి పేరు, ప్రవాస వైద్యుల అండ ఉన్న పనికే పన్నెండేళ్లు పట్టింది. రెండేళ్లలో అయిపోతుందని దాతలకు మాట ఇచ్చే కాలనీ కమిటీ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మనదైన నిధుల సేకరణ పద్ధతి ఒకటి కళ్లముందే ఎదిగింది. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. ఆ డబ్బు ఊరి అభివృద్ధికి వాడుతున్నారు. బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్‌లో 2024లో లడ్డూ 1.87 కోట్లు, 2025లో 2.3 కోట్లు దాటింది. అక్కడ పాడేది ఒక్కరు కాదు. విల్లాల వాళ్లు బృందాలుగా కూడి పాడతారు, డబ్బు వాళ్ల ట్రస్టు ద్వారా సేవా సంస్థలకు వెళుతుంది. నిధుల సేకరణకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: ఒక గడువు, పదిమంది చూస్తుండగా ఇవ్వడం, ఇచ్చినవారికి గౌరవం, వచ్చిన మొత్తం అక్కడికక్కడే తెలియడం. 1905లో వాషింగ్టన్‌లో వైఎంసీఏ భవనం కోసం ఛార్లెస్ వార్డ్, లైమన్ పియర్స్ నడిపిన ఉద్యమం కూడా గడువు పెట్టి, జట్లుగా విడిపోయి, లెక్కను ఊరందరికీ తెలిపే పద్ధతిలోనే సాగింది. వృత్తిగా నిధుల సేకరణ చరిత్ర రాసేవారు దాన్ని ఒక మైలురాయిగా లెక్కిస్తారు. దానికి ఏమాత్రం తీసిపోని నేర్పు మన మండపాల దగ్గరే ఉంది. దాన్ని బడి గదుల వైపు మళ్లించేవాళ్లే కావాలి.

వృత్తి సలహాదారును పెట్టుకోవాలా? 2 కోట్లు దాటే పనికి పెట్టుకోవచ్చు. అతని మొదటి పని డబ్బు తేవడం కాదు, 30, 40 మందిని విడిగా కలిసి ఈ భవనానికి ఎంత వస్తుందో నిజాయితీగా అంచనా వేసి చెప్పడం. రాదని చెప్పే ధైర్యం ఉన్నవాణ్నే ఎంచుకోవాలి. వచ్చినదాంట్లో 10 శాతం ఇవ్వండి అనేవారిని మర్యాదగా పంపేయాలి. అమెరికాలో 1960లో ఏర్పడిన నిధుల సేకరణ వృత్తినిపుణుల సంఘం తన నియమావళిలో శాతం లెక్కన ప్రతిఫలం తీసుకోవడాన్ని నిషేధించింది. కారణం సులభంగా అర్థమవుతుంది. కమిషన్ కోసం పనిచేసేవాడికి ఈ నెల వచ్చే 5 లక్షలు కనిపిస్తాయి, మూడేళ్ల తరవాత 40 లక్షలు ఇవ్వగల మనిషితో పెంచుకోవాల్సిన పరిచయం కనిపించదు. పైగా దాత తన రూపాయిలో పది పైసలు మధ్యవర్తికి పోయిందని తెలిసిన రోజున మళ్లీ ఇవ్వడు.

డబ్బు రావడం మొదలయ్యాక పాటించాల్సిన ధర్మం ఒకటుంది. ఏ పనికి ఇచ్చిన డబ్బు ఆ పనికే వాడాలి. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న సర్కారు పన్నుల సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన భక్తిని శంకించినవారు లేరు, కానీ ఖజానా లెక్క అడిగేది భక్తిని కాదు. గ్రంథాలయానికని వచ్చిన 5 లక్షలను వరద బాధితుల కోసం ఖర్చు పెట్టాలనిపించినా, ముందు దాతను అడిగి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. వేర్వేరు పనులకు వేర్వేరు ఖాతా పుస్తకాలు పెట్టాలి, ప్రతి మూడు నెలలకూ నిర్మాణ స్థలం దగ్గరే బోర్డు మీద రాబడి ఖర్చులు రాయాలి.

భవన నిధికి పన్ను చట్టంలో ఒక చిక్కు ఉంది. సేవాసంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే తన ఆశయాలకు ఖర్చు చేయాలి. మూడేళ్లపాటు కూడబెట్టి ఆ తరవాత కట్టే భవనానికి ఇది సరిపడదు. అందుకు రెండు దారులున్నాయి. దాత తన విరాళం మూలనిధి కోసమని రాసి ఇవ్వాలి, దాన్ని చట్టం అనుమతించిన పొదుపుల్లో ఉంచాలి. లేదా ఫలానా భవనం కోసం ఐదేళ్లలోపు వాడతామని ఆదాయపు పన్ను శాఖకు నిర్ణీత పత్రం సమర్పించాలి. రెండూ గడువులోగా చేయాల్సినవి. మంచి చార్టర్డ్ అకౌంటెంటు ఉచితంగా చేస్తానన్నా, ఈ పనికి ఫీజు ఇచ్చి చేయించుకోవడమే మేలు. డబ్బు తీసుకున్నవాణ్ని గడువు గురించి గట్టిగా అడగగలం.

చివరిది, అందరూ వాయిదా వేసేది, నిర్వహణ. మన 2 కోట్ల గ్రంథాలయానికి ఒక గ్రంథపాలకుడు, ఒక కాపలాదారు, కరెంటు, నీళ్లు, పత్రికలు, మరమ్మతులు కలిపి నెలకు 60 వేలు అనుకుందాం. ఏడాదికి 7 లక్షల 20 వేలు. 7 శాతం వడ్డీ మీద ఇది రావాలంటే కోటీ 3 లక్షల మూలనిధి కావాలి, ధరలు పెరగవనుకుంటేనే. అంటే అసలు లక్ష్యం 2 కోట్లు కాదు, 3 కోట్ల పైమాట. మూలనిధికి ఇచ్చే డబ్బును 2021 జనవరి నుంచి సీఎస్ఆర్‌గా లెక్కించడం లేదు కాబట్టి కంపెనీ ఆ కోటి ఇవ్వదు. ప్రవాస దాతకు గది మీద పేరు కనిపిస్తుంది, కాపలాదారు జీతం మీద పేరు కనిపించదు కాబట్టి అక్కడి నుంచీ పెద్దగా రాదు. మిగిలేది ఆ గ్రంథాలయాన్ని వాడుకునే చుట్టుపక్కల జనమే.

వాళ్ల దగ్గర కోటి రూపాయలు ఒక్కసారిగా అడగనక్కరలేదు. 240 ఇళ్లవాళ్లు నెలకు 250 రూపాయలు బ్యాంకు ద్వారా వాటంతట అవే వెళ్లేలా పెడితే 60 వేలు సమకూరుతాయి. ఆ 240 పేర్ల జాబితా శంకుస్థాపనకు ముందే కమిటీ చేతిలో ఉండాలి. 100 పేర్లే వచ్చాయంటే ముహూర్తం మార్చనక్కరలేదు, ప్లాను మారిస్తే చాలు. పునాదులు రెండంతస్తులకు వేసి ఇప్పటికి ఒక్క అంతస్తే కట్టాలి, దానికయ్యే నిర్వహణ ఖర్చును ఆ 100 ఇళ్లతో సరిచూసుకోవాలి, పై అంతస్తు లెక్కను మరో ఐదేళ్ల తరవాత మళ్లీ దాతల ముందు పెట్టాలి.